కొసరి వడ్డించని హోటలు

నా ఫోనుతో నాకో చిన్న పేచీ ఉంది. రోజూ పొద్దున్నే, నేనింకా కాఫీ గ్లాసు అందుకోకముందే, కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసుకుంటారా అని అడుగుతుంది. వద్దంటాను. పోనీ తర్వాత వేసుకుంటారా అంటుంది. సరే, తర్వాతే అంటాను. దాని దృష్టిలో తర్వాత అంటే రేపు పొద్దున్న. కొన్ని నెలలుగా మా ఇద్దరికీ ఇదే సంభాషణ. నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. అక్కడ ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఏ విషయమూ రెండోసారి అడిగిన పాపాన పోలేదు. ఈ ఫోనుకి మాత్రం నా మీద అంత పట్టుదల ఎందుకో అర్థం కాదు.

"ఒక్కసారి వేసేసుకుంటే గొడవొదిలిపోద్ది కదండీ" అంటుంది మా ఆవిడ.

వదిలిపోతుంది, కాదనను. కానీ ఒక వస్తువు బతిమాలింది కదా అని లొంగిపోతే రేపు మిక్సీ కూడా మొదలెడుతుంది.

ఈమధ్య ఆ ఫోను మీద కోపం కొంత తగ్గింది. అందుకు కారణం ఒక హోటలు.

ఆ హోటలు రాజమండ్రిలో మేముండే వీధి చివరే ఉంది. ఒకప్పుడు ఎవరో డాక్టరుగారి మేడ. దానికి గోడలు కూలగొట్టి అద్దాలు బిగించారు, సున్నం గీకేసి లోపలి ఇటుకలు బయటపెట్టారు. మా వీధిలో ఇటుకలు కనబడే ఇళ్ళు ఇంకో రెండున్నాయి. కాకపోతే వాళ్ళు అవి కనబడకుండా ఉండాలని లోను కోసం తిరుగుతున్నారు. ఈ హోటల్లో తలుపు తియ్యడానికొక మనిషి, కుర్చీ లాగడానికొక మనిషి ఉంటారు. మెనూ కార్డు బరువు మా కాలేజీ మినిట్స్ పుస్తకమంత. అందులో రేట్ల పక్కన రూపాయి గుర్తు ఉండదు. ఉత్త అంకె ఉంటుంది. అది రేటో, టేబులు నంబరో తేల్చుకునే స్వేచ్ఛ మనది.

మా పెళ్ళిరోజుకి ఒకసారి మా ఆవిడా నేనూ వెళ్ళాం. బాగానే ఉంది. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాం.

ఇక అసలు సంగతి మా మరదలి పెళ్ళిసంబంధం. మా మరదలు కాకినాడలో బ్యాంకులో పనిచేస్తుంది. ఆ అబ్బాయిది కూడా అదే బ్యాంకు, పక్క బ్రాంచి. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడో ఇష్టపడ్డారు. ఆ తర్వాత అబ్బాయి తరఫు మధ్యవర్తి ఒకాయన వచ్చి, మీ అమ్మాయికి ఒక మంచి సంబంధం ఉందండీ, అబ్బాయిది పెద్దాపురం అని మా మావగారికి కొత్తగా చెప్పాడు. మా మావగారు కొత్తగా విన్నారు. అసలు సంగతి రెండిళ్ళలో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండే బాధ్యతని మాత్రం అందరం సమానంగా పంచుకున్నాం.

పెళ్ళిచూపులు కడియంలో మా మావగారింట్లోనే జరిగాయి. అబ్బాయి, తల్లి, తండ్రి వచ్చారు. స్వీటు, హాటు, కాఫీ అయ్యాయి. అబ్బాయి తండ్రికి ఎరువుల కొట్టు, మా మావగారికి నర్సరీ. ఇద్దరూ వేపపిండి గురించి గంటసేపు మాట్లాడుకుని పరమ సంతోషంగా లేచారు. కానీ వెళ్ళేటప్పుడు అబ్బాయి తండ్రి, "మాదేవుందండీ, మా అమ్మ చూడాలి. ఆవిడ ఊ అంటే ఊ, ఉహూఁ అంటే ఉహూఁ" అని చెప్పులేసుకున్నారు.

ఆ మామ్మగారి గురించి మాకు అంతకుముందే కొంత తెలుసు. పెద్ద మనవడికి అన్నీ కుదిరిన ఒక సంబంధాన్ని, "ఆ ఇంట్లో పలకరింపు లేదురా" అని ఒక్క ముక్కతో కొట్టేశారట. పిల్లనీ చూడలేదట, చదువూ అడగలేదట. కాఫీ ఇచ్చి ఇంకో కప్పు తాగుతారా అనలేదట వాళ్ళు, అంతే.

ఈ మాట వినగానే మా మరదలు నాకు ఫోను చేసింది.

"బావగారూ, మామ్మగారికి తీరిగ్గా కూర్చుని మాట్లాడాలనుందంట. ఒక పూట మొత్తం ఉండాలంట."

"రమ్మను. భోజనానికి రమ్మను."

"అదే కదండీ సమస్య. భోజనానికి మనింటికి రారు."

నిజమే. మా వైపు అదొక పట్టింపు. సంబంధం ఖాయమయ్యేదాకా మగపెళ్ళివారు ఆడపిల్ల ఇంట్లో అన్నం ముట్టరు. పకోడీలు ఎన్నయినా తినొచ్చు, జంతికలు తినొచ్చు, కాఫీ కడవలతో తాగొచ్చు. అన్నం తిన్నారంటే మాత్రం మాట ఇచ్చేసినట్టే. పోనీ అబ్బాయి ఇంటికి మనం వెళ్దామంటే, ఆడపిల్లవారు ఎదురెళ్ళి తినొస్తారా అని మా మావగారు నోరు నొక్కుకున్నారు. అన్నం లేకుండా ఒక పూట మొత్తం కూర్చోబెట్టడం మా జిల్లాలో ఎవరివల్లా కాదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చదువుకున్నవాడికి ఆలోచన వస్తే ఇంట్లోవాళ్ళు కాస్త జాగ్రత్తపడాలి. మావాళ్ళు పడలేదు.

"హోటల్లో పెడదాం" అన్నాను. "అది వాళ్ళిల్లూ కాదు, మనిల్లూ కాదు. అక్కడ తింటే ఎవరూ ఎవరింట్లోనూ తిన్నట్టు కాదు."

ఒక్క క్షణం అందరూ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. అల్లుడయ్యాక అలాంటి చూపు నామీద పడడం అదే మొదలు. మా మావగారు కూడా, "ఇదేదో బానే ఉందండోయ్" అన్నారు. పెద్దాపురం వాళ్ళు కూడా సరేనన్నారు. చిరునామా మాత్రం నేనే ఇచ్చాను. మంచి హోటలు కావాలి కదా అని మా వీధి చివరిదే చెప్పాను.

"బావగారూ" అంది మా మరదలు ముందురోజు, "నాకిది కుదరాలి. అంతే. మీరు జోకులేయకండి."

వేయనన్నాను.

ఆదివారం పదకొండున్నరకే మా మావగారు కడియం నుంచి వచ్చేశారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మా అత్తగారు పోయి ఆరేడేళ్ళవుతుంది. ఆవిడ ఉన్నప్పుడు వంటా ఆవిడదే, వడ్డనా ఆవిడదే. ఆవిడ పోయాక వంటకి మనిషిని పెట్టుకున్నారు. వడ్డన మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇంటికి ఎవరొచ్చినా, చివరికి మొక్కల లోడు ఎత్తించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరయినా, గరిటె పట్టుకుని ఆయనే నిలబడతారు. ఎదుటివాళ్ళు విస్తరి మీద రెండు చేతులు అడ్డం పెట్టి, మీకు దణ్ణం పెడతానండీ అనేదాకా వదలరు. దణ్ణం పెట్టడానికి చేతులు తీస్తారు కదా, అప్పుడు వేసేస్తారు.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి నేను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పక్కనున్న కుండీలో మట్టి తడి చూశారు. "నీళ్ళెక్కువ పోసేత్తన్నారు. మన కడియం మొక్కే పాపం" అని నిట్టూర్చారు.

పెద్దాపురం వాళ్ళు సరిగ్గా టైముకొచ్చారు. అబ్బాయి, తల్లీ తండ్రీ, వెనక చేతికర్రతో మామ్మగారు. ఎనభై దాటిన మనిషి. చిన్నగా, గట్టిగా, ఎండబెట్టిన ఉసిరికాయలా ఉన్నారు. కుర్చీ లాగిన మనిషిని చూసి, "నువ్వు కూర్చో నాయనా, నేను ఎక్కడో అక్కడ సర్దుకుంటాను" అన్నారు. అతను కూర్చోలేదు. ఆవిడకది అంతగా నచ్చినట్టు లేదు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. మామ్మగారు మా మరదల్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"వంటొచ్చా?"

"రాదండి" అంది మా మరదలు.

"నాకూ రాదు" అన్నారు మామ్మగారు. "మా అత్తగారు చేసేది, తర్వాత ఇదిగో, ఈ కోడలు చేస్తోంది. మధ్యలో నేను తిన్నాను."

అందరం నవ్వాం. నల్లకోటు వేసుకున్న ఒకాయన మంచినీళ్ళు పోసి, మెల్లగా వంగి, ఏం కావాలో అడిగాడు. అబ్బాయి తండ్రి, "మీ ఇష్టమండీ" అన్నారు మా మావగారితో. "అబ్బే, మీ ఇష్టమండీ" అన్నారు మా మావగారు. ఇష్టం అటూ ఇటూ కాసేపు తిరిగి చివరికి నా దగ్గరకొచ్చి ఆగింది. నేను చెప్పాను.

ముందు రొయ్యల వేపుడు వచ్చింది. పెద్ద నల్లరాతి పలక మీద, ఒకదానికొకటి సంబంధం లేనంత దూరంలో, మనిషికొకటి చొప్పున పడుకోబెట్టి, మీద ఒకటి ఎక్కువ పెట్టారు. మా మావగారు వంగి చూసి, "ఇది రుచి చూడ్డానికి పంపేరా అండి? అసలుది వెనకాలొత్తందా?" అని నన్నడిగారు. మా ఆవిడ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. నా కాలు కూడా తొక్కింది, ముందుజాగ్రత్తగా.

అందరూ తలొకటీ తీసుకున్నారు. రొయ్య బాగుంది. చాలా బాగుంది. అదే ఇబ్బందయింది. ఎక్కువగా ఉన్న ఆ ఒక్క రొయ్యా పలక మధ్యలో మిగిలిపోయింది.

ఇప్పుడు, ఆఖరిది ఎవరూ తమంతట తాము తీసుకోరు. అది ఎక్కడైనా అంతే. ఇంటివాళ్ళు ఎవరో ఒకరు దాన్ని ఎత్తి, అయ్యో ఇదొక్కటీ ఎవరికోసం అంటూ పెద్దవాళ్ళ విస్తట్లో పడేస్తారు. పెద్దవాళ్ళు కసురుకుని తింటారు. కానీ ఇక్కడ ఇంటివాళ్ళెవరు? మా మావగారు ఎత్తబోయి ఆగారు. ఎత్తితే మేం పెట్టినట్టవుతుంది. అబ్బాయి తండ్రి చెయ్యి కూడా కాస్త కదిలి ఆగింది. వాళ్ళు పెడితే అదింకా తిరకాసు. ఎనిమిదిమందిమీ ఆ రొయ్య చుట్టూ కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

నల్లకోటాయన వచ్చాడు. "మే ఐ క్లియర్ సార్?" అన్నాడు.

అతను పలకతో సహా రొయ్యని ఎత్తుకుపోయాడు. మామ్మగారి చూపు దాని వెనకాలే వంటగది తలుపుదాకా వెళ్ళి, తలుపు మూసుకున్నాక ఖాళీగా తిరిగొచ్చింది.

తర్వాత పనసపొట్టు కూర వచ్చింది. మా వైపు పనసపొట్టు కూర అంటే పెళ్ళిళ్ళలో గంగాళంలోంచి గరిటెలతో వడ్డించేది. ఇది కాఫీ కప్పంత బోర్లించి, నెత్తిన కరివేపాకు జెండా పాతుకుని వచ్చింది. పక్కన ఆవకాయ మూడు బొట్లు. నెయ్యి, కంట్లో చుక్కల మందు వేసుకునే గొట్టం లాంటి దాంట్లో. అబ్బాయి తల్లి ఆ గొట్టాన్ని తిప్పి తిప్పి చూసి, అత్తగారివైపు చూసి, కింద పెట్టేశారు.

ఆపైన బిర్యానీ, అన్నం, పప్పుచారు ఒక బండి మీద తోసుకొచ్చారు. ఆశ పుట్టింది. గిన్నెలు పెద్దవే. నల్లకోటాయన ఒక్కొక్కరి పళ్ళెంలో ఒక్కొక్క గరిటె వేశాడు, ముగ్గు పెట్టినంత శ్రద్ధగా. తర్వాత రెండో గరిటెతో అబ్బాయి తండ్రి దగ్గరకొచ్చాడు.

"ఇంకొంచెం వెయ్యనా అండి?"

"అబ్బే, చాలండి" అన్నారు ఆయన.

అతను వెళ్ళిపోయాడు.

అబ్బాయి తండ్రి మొహంలో ఒక వింత భావం కనిపించింది. మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేకపోయినప్పుడు ఉంటుందే, అదీ. ఆయనది పచ్చి గోదావరి మర్యాద. మొదటిసారి చాలండి అంటే, మీరడిగింది నాకు వినబడిందని. రెండోసారి అంటే, అడగడం ఆపకండని. ఆ తర్వాతనే అసలు భోజనం మొదలవుతుంది. ఆయన పాపం మొదటి చాలండి అని, రెండోదానికి సిద్ధమై, పళ్ళేన్ని కాస్త ముందుకి కూడా జరిపారు. ఎదురుగా మనిషి లేడు.

అదే వరసలో అబ్బాయి తల్లి దగ్గరకెళ్ళాడు. "వద్దండి" అన్నారు. వెళ్ళిపోయాడు. మామ్మగారు "ఎందుకు నాయనా, చాల్లే" అన్నారు. వెళ్ళిపోయాడు. మా మావగారు, "ముందు వాళ్ళకెయ్యండి" అన్నారు. వాళ్ళు వద్దన్నారు కదా సార్ అని చెప్పి వెళ్ళిపోయాడు. చివరికి నా దగ్గరకొచ్చాడు. నేను చదువుకున్నవాణ్ణి, ఈ కాలం మనిషిని, ఇంతమంది ఆకలితో ఉన్నారని తెలిసినవాణ్ణి. "నో, థాంక్స్" అన్నాను.

బండిని పక్కకి తోసి గోడ వార పెట్టారు. దాని మీద గిన్నెలు నిండుగా ఉన్నాయి, మూతల సందులోంచి ఆవిర్లు వస్తున్నాయి. ఎనిమిదిమందిమీ వాటిని చూడకుండా చూస్తున్నాం.

ఆకలి వేస్తే మాటలు తగ్గుతాయి. వేపపిండి గురించి కూడా ఎవరూ ఎత్తలేదు. మామ్మగారు పూర్తిగా నోరు మూసుకుని, ఖాళీ పళ్ళెంలో కరివేపాకు జెండాని వేలితో అటూ ఇటూ జరుపుతున్నారు. ఆ నిశ్శబ్దం ఆకలిదని నాకు తెలుసు. మా మరదలికి తెలియదు. ఆ పిల్లకది ఉహూఁ లాగే వినబడింది. మొహం తెల్లబడిపోయింది. ఎదురుగా అబ్బాయి కూడా నాయనమ్మ మొహం చూసి, తన మొహం మెనూ కార్డు వెనక దాచుకున్నాడు.

"బావగారూ" అంది మా మరదలు మెల్లగా, పళ్ళ మధ్యనుంచి. "ఆవిడ మొహం చూశారా? పలకరింపు లేదనేస్తారు. నా బతుకు ఈ బిర్యానీ పాలు చేశారు. ఏదో ఒకటి చెయ్యండి."

నేను చేతులు కడుక్కునే వంకతో లేచి నల్లకోటాయన్ని వంటగది తలుపు దగ్గర పట్టుకున్నాను.

"ఏవండీ, చిన్న సాయం. మీరు ఒక్కసారే అడిగి వెళ్ళిపోతున్నారు. ఇంకో రెండుసార్లు అడగాలి."

"వాళ్ళు వద్దన్నారు కదండి."

"అన్నారు. కానీ వాళ్ళ ఉద్దేశం అది కాదు."

"మరేంటండి?"

"వెయ్యమని."

అతను నన్ను కాసేపు జాలిగా చూశాడు. "ట్రైనింగులో ఫస్టు రోజే చెప్పేరండి. కస్టమరు వద్దన్నాక మళ్ళీ అడక్కూడదంట. ఫోర్సు చేసినట్టవుద్దంట. ఇంటికెళ్ళి ఫోన్లో ఒక్క స్టారిచ్చి రాసేత్తారంటండి."

"మీదే ఊరండీ?"

"ధవళేశ్వరమండి."

"మీ ఇంటికి చుట్టాలొస్తే ఇలాగే ఒక్కసారి అడిగి ఊరుకుంటారా?"

"అమ్మో. మా అమ్మ చంపేత్తాదండి."

"మరి?"

"ఇది ఇల్లు కాదు కదండి" అన్నాడతను, చాలా మర్యాదగా.

ఇల్లు కాదనే కదా ఏరికోరి ఇక్కడికి తెచ్చాను. జేబులో ఫోను ఉంది. పొద్దున్నే అది నన్ను రెండుసార్లు అడిగింది. ఊళ్ళో ఆ ఆచారం తెలిసింది దానికొక్కదానికే మిగిలిందని ఆ క్షణంలో అనిపించింది.

నేను వెనక్కి తిరిగేసరికి మా మావగారి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన బండి దగ్గర ఉన్నారు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచారు. బిర్యానీ గిన్నె ఎడమచేత్తో పొట్టకి ఆనించి పట్టుకున్నారు, కుడిచేతిలో గరిటె. నల్లకోటాయన "సార్, సార్, మేం సర్వ్ చేస్తాం సార్" అంటూ పరిగెత్తాడు. "మీరు చేసింది చాల్లెండి, కాసేపు కూర్చోండి" అన్నారు మా మావగారు. గరిటె చేతికొచ్చాక ఆయన మొహంలోకి వచ్చిన వెలుగు ఆ రోజంతటికీ అదే మొదలు.

ఆయన నేరుగా మామ్మగారి దగ్గరకెళ్ళారు.

"అమ్మగారూ, చెయ్యి తియ్యండి."

"వద్దు నాయనా, చాలు."

"ఏం చాలండీ, పిచిక తిన్నట్టు తిన్నారు. ఒక్క గరిటె."

"వద్దంటున్నానా" అంటూ మామ్మగారు పళ్ళెం మీద రెండు చేతులూ అడ్డం పెట్టారు. కానీ ఆవిడ గొంతు మారింది. అరగంట తర్వాత మొదటిసారి ఎవరో తన భాషలో మాట్లాడినట్టు, ఆవిడ కాస్త నిటారుగా కూర్చున్నారు.

అప్పుడే అబ్బాయి తల్లి, అంతదాకా ఆ ఒక్క వద్దండి తప్ప మరో మాట అననావిడ, మెల్లగా అన్నారు.

"అత్తయ్యగారూ, ఆయన చేత్తో వడ్డిస్తే వాళ్ళింట్లో తిన్నట్టే అవుద్దేమోనండీ."

గరిటె గాల్లో ఆగిపోయింది.

నేను కట్టిన పథకం మొత్తం ఆ ఒక్క మాటతో కూలిపోయింది. నిజమే. వడ్డించేవాడు ఇంటివాడయితే, ఆయన నిలబడ్డ చోటల్లా ఆయనిల్లే. ఇప్పుడు మామ్మగారు చెయ్యి తీస్తే మాటిచ్చినట్టు. తియ్యకపోతే వద్దన్నట్టు. ఇంటిదగ్గర అయితే కాఫీ కప్పు అడ్డం పెట్టుకుని ఇంకో నెల సాగదీసుకోవచ్చు. ఇక్కడ మా మావగారి గరిటె లోంచి నెయ్యి కారుతోంది. అబ్బాయి మెనూ కార్డు పూర్తిగా పైకెత్తేశాడు.

మామ్మగారు మా మరదలివైపు తిరిగారు.

"ఏవమ్మా, నీకు ఆకలేస్తోందా?"

ఇక్కడ మర్యాదస్తురాలయిన ఆడపిల్ల, అబ్బే లేదండీ అనాలి.

"చాలా వేస్తోందండి" అంది మా మరదలు. "పొద్దున్నుంచి ఏం తినలేదు. భయంతో."

మామ్మగారు ఆ పిల్లని ఒక్క క్షణం చూశారు. చేతులు పళ్ళెం మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆకలేసినప్పుడు ఎవరిల్లయితే ఏంటి. వెయ్యి నాయనా" అన్నారు.

మా మావగారు వేశారు. వేసి, వద్దంటే మళ్ళీ వేసి, మా మరదలికి వేసి, అబ్బాయి తండ్రి దగ్గరకెళ్ళారు. అబ్బాయి తండ్రి మొదటి చాలండి, రెండో చాలండి, మూడో చాలండి, ఇంతసేపూ ఆపుకున్నవన్నీ కలిపి అనేశారు. ప్రతిదానికీ ఒక గరిటె పడింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం అని చెప్పారు. నల్లకోటాయన మొదట బండి పక్కన నిస్సహాయంగా నిలబడ్డాడు, తర్వాత పప్పుచారు గిన్నె తనే అందుకుని మా మావగారి వెనకాలే నడిచాడు. పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం ఖాళీ పళ్ళేలతో మావైపు ఆశగా చూడడం నేను గమనించాను. మా మావగారు కూడా గమనించారు. అటు రెండడుగులు వేశారు కూడా. మా ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

తిన్నాం. మళ్ళీ మాటలొచ్చాయి. వేపపిండి తిరిగొచ్చింది.

కానీ నాకూ, మా ఆవిడకీ, మా మరదలికీ ఒకటే ముల్లు గుచ్చుకుంటూ ఉంది. మామ్మగారు ఊ అన్నట్టా, అననట్టా? ఎవరిల్లయితే ఏంటి అన్నారు. అది ఖాయం చేసుకున్నట్టో, లెక్కలోకి రాదన్నట్టో తెలియదు. అడగడానికి వీల్లేదు. ఆడపిల్లవారు అడిగే ప్రశ్న కాదది. మా మావగారు పెరుగన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆవిడ మొహంలోకే చూశారు. ఆవిడ పెరుగన్నంలోకే చూశారు. మా మరదలు తిన్నది ఏమిటో దానికే తెలియదు. రెండుసార్లు గ్లాసనుకుని నెయ్యి గొట్టం అందుకోబోయింది.

భోజనాలయ్యాయి. కిళ్ళీలు వచ్చాయి, గాజుగిన్నెలో పొగలు కక్కుతూ. అవి తగలబడుతున్నాయనుకుని అబ్బాయి తండ్రి నీళ్ళు పోశారు. అందరం లేచాం. తలుపు తీసే మనిషి తలుపు తీశాడు. బయట కారు వచ్చి ఆగింది. మామ్మగారు చేతికర్ర ఒక చేత్తో, మా మరదలి భుజం ఒక చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆ భుజాన్ని చూసి మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. భుజం పట్టుకుంటే ఖాయమయినట్టేనా అని నేనడిగాను. మెట్లకి రెయిలింగు లేదు కదా, అందుకయినా పట్టుకోవచ్చు అంది.

ఎలాగూ ఏర్పాటు నాదే కాబట్టి, ఆఖరిక్షణంలో ఒక మంచిమాటయినా దక్కుతుందేమోనని నేను కారు తలుపు తీసి, వంగి అడిగాను.

"ఎలా ఉందండీ మామ్మగారూ, ఈ హోటలు?"

ఆవిడ సీట్లో సర్దుకుని కూర్చుని, కర్ర పక్కన పెట్టుకుని, నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూశారు. తర్వాత నాతో కాకుండా, నా వెనక నిలబడ్డ మా మావగారితో అన్నారు.

"పెళ్ళిలో వడ్డన మీరే దగ్గరుండి చేయించండి నాయనా. ఏర్పాట్లు మాత్రం ఈ పెద్దల్లుడికి అప్పజెప్పకండి, వచ్చినవాళ్ళు పస్తులతో పోతారు."